ఒక్క ఇంజెక్షన్ పందెం

గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని స్కానింగ్‌లో తేలినప్పుడు పెద్దావిడ ఏమీ బెదరలేదు. కోసేవాడు స్వయానా తమ్ముడు, పెద్దాసుపత్రిలో సర్జన్లందరికీ పెద్ద. పక్కనుండి చూసుకునేది స్వయానా కోడలు, అదే ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ల డాక్టరు. ఇంత బలగం పెట్టుకుని శనగగింజంత రాళ్లకు భయపడితే వినేవాళ్లు నవ్విపోతారు. రాళ్ల సంగతి ఎలా ఉన్నా, ఆ ఇద్దరు డాక్టర్ల నడుమ అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కోవలసి వస్తుందని మాత్రం ఆవిడ ఊహించలేదు.

అసలు వైద్యం ఆవిడకూ కొంత వచ్చు. ఇంట్లో ఎవరు తుమ్మినా ఫ్రిజ్ మీది బిస్కెట్ల డబ్బా కిందికి దిగేది. అందులో ఎవరెవరో వాడగా మిగిలిన మాత్రలుండేవి. అల్లుడి పంటినొప్పికి తెచ్చినవి మిగిలితే భర్త దగ్గుకు, భర్త దగ్గు రెండు మాత్రలకే మొహం చాటేస్తే మిగతావి ఎదురింటావిడ కాలి పుండుకు. ఏ మాత్రా పూర్తిగా ఒకరి సొత్తు కాదు. భర్త ఆవిడకు 'అర డాక్టరు' అని పేరు పెట్టాడు గాని, ఆవిడ గదిలో లేనప్పుడే దాన్ని వాడేవాడు. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు ఆ డబ్బా దింపి, మాత్రలన్నీ తీసేసి, కడిగి ఆరబెట్టి, అందులో బిస్కెట్లు పోసింది. బిస్కెట్ల డబ్బాలో బిస్కెట్లు కనబడేసరికి అత్తగారికి ఎక్కడలేని కోపం వచ్చింది. చాలాకాలం కోడలితో ఊఁ, ఆఁలతోనే సరిపెట్టింది.

ఆసుపత్రిలోనూ కోడలు చేసేది ఇంచుమించు అదే పని. బలమైన యాంటీబయాటిక్ ఏ డాక్టరు రాసినా, ముందు ఆ అమ్మాయికి ఫోన్ చేసి ఎందుకు రాస్తున్నాడో చెప్పాలి. కారణం సరిగా ఉంటే మందు కదులుతుంది. పేషెంటు తాలూకు వాళ్లు అడిగారనీ, రేపట్నుంచి నేను సెలవులో ఉంటాననీ, ఎందుకైనా మంచిదనీ చెప్తే అవి కారణాల కింద లెక్క కాదు. అందుకని ఆమెకు వెనకాల 'రైలుగేటు' అని పేరు. ఎంత పెద్ద డాక్టరు బండైనా అక్కడ ఆగాల్సిందే. ఆగిన బండి హారన్ కొడుతుంది, లోపల కూర్చున్నవాళ్లు తిట్టుకుంటారు. ఆమె మాత్రం గొంతు పెంచదు, గేటు ఎత్తదు.

ఆ గేటుకు ఇంతవరకు లొంగనిది సర్జరీ వార్డు ఒక్కటే. అక్కడ ఏ ఆపరేషన్ చేసినా ఇంటికి వెళ్లేదాకా పొద్దునా సాయంత్రం ఇంజెక్షన్లు, వెళ్లేటప్పుడు చేతిలో మాత్రల పొట్లం. శుభ్రంగా జరిగిన ఆపరేషన్‌కి కోతకు ముందు ఒక్క ఇంజెక్షన్ చాలు, తర్వాతివన్నీ దండగ, పైగా చేటు అని కోడలు ఎప్పటినుంచో మొత్తుకుంటోంది. డైరెక్టరు ఆమె మాట శ్రద్ధగా విని, అంతా సబబుగానే ఉంది, సర్జన్‌గారు ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదని చేతులు దులుపుకున్నాడు. సర్జన్‌గారు అంటే పెద్దావిడ తమ్ముడే. ఆయన ఒప్పుకోవడం అంటే ఏనుగు తొండం చుట్టుకుని సూదిబెజ్జంలో దూరడం లాంటిది.

ఆయన మీటింగులో అందరి ముందూ ఒక మాట అన్నాడట. వచ్చేవారం మా అక్కకి నేను ఆపరేషన్ చేస్తున్నాను, మీ అత్తగారే కాబట్టి ఆవిడతోనే మొదలుపెట్టు. ఒక్క ఇంజెక్షన్‌తో, జ్వరం రాకుండా ఇంటికెళ్లిందంటే వార్డు వార్డంతా నీ మాటే. వచ్చిందో, నేనీ ఉద్యోగంలో ఉన్నంతకాలం ఈ ఊసు ఎత్తకు. జ్వరం వచ్చినంత మాత్రాన ఇన్ఫెక్షన్ అనుకోనక్కర్లేదనీ, ఒక మనిషిని చూసి వార్డంతటికీ తీర్పు చెప్పకూడదనీ కోడలు అనబోయింది గాని, అప్పటికే అందరూ చప్పట్లు కొట్టేశారు. డాక్టర్లకైనా పందెం అంటే ఉత్సాహమే.

ఆ సాయంత్రమే తమ్ముడు ఇంటికి వచ్చి, చెప్పులు విడుస్తూనే విషయం కక్కేశాడు.

"నీ కోడలు పొదుపు నీతోనే మొదలెడతానంటోందక్కా. అందరికీ ఐదురోజులు మందు, నీకు ఒక్కపూట."

వీధిలో ఎవరు ఆపరేషన్ చేయించుకున్నా ఎన్ని ఇంజెక్షన్లు పొడిచారన్నదే కదా గొప్ప. తీరా తన వంతు వచ్చేసరికి ఒక్కటా. ఇదేం చోద్యం అని పెద్దావిడ నోరు తెరవబోయింది. ఆ క్షణంలో తమ్ముడు నోరు జారకుండా ఉంటే కథ మరోలా నడిచేది.

"నువ్వు ఒప్పుకోవులే. ఆ సంగతి మీటింగులోనే చెప్పాను. మా అక్క నాకు తెలీదా అన్నాను."

"ఏం తెలుసురా నీకు?" అంది పెద్దావిడ. "నీకు పాలుపట్టి పెంచినదాన్ని. నా సంగతి నువ్వు మీటింగులో చెప్పేదేంటి? ఒక్కటి చాలు నాకు."

తమ్ముడు నోరు వెళ్లబెట్టాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోడలు లోపలికి వెళ్లిపోయింది. మాట అయితే విసిరింది గాని, పెద్దావిడకు వెంటనే మనసు పీకడం మొదలైంది. కాసేపటికి వంటింట్లోకి వెళ్లి, గరిటె కడుగుతున్నట్టు నటిస్తూ, ఒకటి మరీ తక్కువేమో, ఒకటిన్నర కుదరదా అని అడిగింది.

కోడలు నవ్వలేదు. చేతులు తుడుచుకుని కూర్చుంది. ఆసుపత్రి పై అంతస్తులో ఒక మేస్త్రీ ఉన్నాడని చెప్పింది. కాలికి దెబ్బ తగిలి వచ్చాడు. ఎముకకు పట్టిన ఇన్ఫెక్షన్ ఏ మందుకీ లొంగడం లేదు. అవసరం లేనప్పుడల్లా వాడుతూ పోతే క్రిములు మందులకు అలవాటు పడతాయనీ, అవి ఈ మంచం మీదనుంచి ఆ మంచం మీదికి నడవడానికి ఎవరి అనుమతీ అడగవనీ చెప్పింది. "ఆయనకి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదత్తయ్యా. కాలు తీసేస్తున్నారు. మావయ్యగారి వార్డు ఈ ఒక్క పద్ధతి మార్చుకుంటే చాలు, కింది అంతస్తులన్నీ ఆయన్ని చూసి మారతాయి." అంతకు మించి ఏమీ బతిమాలలేదు. పెద్దావిడ ఆ గరిటెను ఇంకోసారి కడిగింది.

ఆపరేషన్ పెళ్లిచూపులంత సులువుగా జరిగిపోయింది. రాళ్లను చిన్న సీసాలో వేసి ఇస్తే, ఆవిడ భర్త వాటిని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, ఇంతేనా అన్నాడు.

కష్టమంతా వార్డులో మొదలైంది. పక్క మంచం మీద ఒక కుట్టుపని ఆవిడ ఉంది. ఆవిడకు అంతకుముందే అదే ఆపరేషన్, అదే డాక్టరు. భర్త కారు డ్రైవింగ్ నేర్పే మేష్టారు. మంచం పక్క స్టూలు మీద కూర్చుని సెలైన్ సీసా వంక, ఎదురుగా వచ్చే లారీని చూస్తున్నట్టు కన్నార్పకుండా చూసేవాడు. రోజులో చాలాసార్లు నర్సు వచ్చి అందులో మందు కలిపి వెళ్లేది. కలిపిన ప్రతిసారీ ఆయన పెద్దావిడ వైపు తిరిగి, మావిడకి రెండు రకాలెక్కుతున్నాయండీ అని వినయంగా చెప్పేవాడు. పెద్దావిడ చేతికి సూదీ లేదు, నెత్తిన సీసా లేదు. ఉత్త చేతులతో పడుకోవడం విందుకు వెళ్లి ఖాళీ విస్తరి ముందు కూర్చున్నట్టుంది. చివరికి ఆయన జాలి ఆపుకోలేకపోయాడు.

"మీవాళ్లెవరూ ఈ ఆసుపత్రిలో లేరామ్మా? ఉంటే కాస్త పట్టించుకునేవాళ్లు."

పెద్దావిడ గోడవైపు తిరిగి పడుకుంది.

దానికి తోడు కాఫీ లేదు. నేను చెప్పేదాకా కాఫీ ముట్టుకోకూడదని తమ్ముడు ఆంక్ష పెట్టాడు. గోరువెచ్చని జావ, గోరువెచ్చని నీళ్లు. ఆవిడకు గోరువెచ్చన అనే మాటంటేనే అసహ్యం. కాఫీ పొగలు కక్కాలి, గ్లాసు పట్టుకుంటే చెయ్యి కాలాలి, అప్పుడే గొంతు దిగుతుంది. ఆ సంగతి నలభై ఏళ్లుగా తెలిసిన మనిషి ఒకడున్నాడు. భర్త సాయంత్రం చూడటానికి వచ్చినప్పుడు చేతిలో గొడుగు పెట్టుకునే పొడుగు సంచి ఉంది. బయట వాన లేదు. ఆయనకు బావమరిది అంటే భయం, పెళ్లాం అంటే అంతకన్నా భయం. ఆ రెండు భయాల్లో ఏది పెద్దదో తేలాక ఫ్లాస్కు కట్టుకొచ్చాడు. మంచం పక్క తెర లాగి, మాట్లాడకుండా పోసి ఇచ్చాడు. ఆవిడ మాట్లాడకుండా తాగింది. వాళ్ల సంసారంలో అంత ఏకాభిప్రాయం మళ్లీ ఎన్నడూ కుదరలేదు.

ఆ ఆసుపత్రిలో బంధువులు వెళ్లిపోవలసిన గంట మోగగానే నర్సు అందరి నోళ్లలో థర్మామీటర్ పెట్టుకుంటూ వస్తుంది. మంచాల చుట్టూ జనం ఉండగా ఆ పని సాగదు కాబట్టి ఆ పద్ధతి. పెద్దావిడ నాలుక కింద పెట్టి తీసిన నర్సు కనుబొమ్మలు ఎగరేసింది. జ్వరం.

కబురు క్షణాల్లో పాకింది. కోడలు వచ్చి గాయాలు చూసింది, వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నది, కాలి పిక్కలు నొక్కింది, గట్టిగా ఊపిరి పీల్చమంది. ఎక్కడా ఏమీ లేదు. కాసేపాగి మళ్లీ చూస్తే జ్వరమూ లేదు. తమ్ముడు మాత్రం రేపు పొద్దుటిదాకా చూస్తానన్నాడు. ఆయన గొంతులో పందెం గెలవబోయేవాడి సంతోషం లేదు, అక్కను చూస్తున్న తమ్ముడి గాబరా ఉంది. ఆ రాత్రి ఆయన ఇంటికి పోలేదని తర్వాత తెలిసింది.

పొద్దున మళ్లీ బంధువులు వచ్చారు, మళ్లీ గొడుగు సంచి వచ్చింది, మళ్లీ గంట మోగింది, మళ్లీ జ్వరం. ఈసారి కాస్త ఎక్కువ. ముందు రోజు కాఫీ వేడి చాల్లేదని వెళ్లేటప్పుడు చీవాట్లు తిన్న భర్త ఈసారి పొయ్యి మీదనుంచి తిన్నగా ఫ్లాస్కులోకి వంచాడు మరి.

తమ్ముడు ఒక దండు కుర్ర డాక్టర్లతో వచ్చి మంచం చుట్టూ నిలబడ్డాడు. పక్క మంచం మేష్టారు సీసాను కాసేపు దాని మానాన వదిలేసి ఇటు తిరిగాడు. కబురు విని భర్త కూడా సంచితో సహా వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కోడలు మళ్లీ అంతా చూసి, ఏదో ఆలోచిస్తూ అడిగింది.

"అత్తయ్యా, థర్మామీటర్ పెట్టే ముందు నోట్లో వేడిగా ఏమైనా పోసుకున్నారా?"

పెద్దావిడ లోపల ఏదో టక్కుమని తాళం ఊడినట్టయింది. జ్వరం ఒంట్లో లేదు, నాలుక మీద ఉంది. రెండుసార్లూ ఆ గ్లాసు దించిన వెంటనే కదా థర్మామీటర్ పెట్టింది. కాని తమ్ముడు కళ్లలోకే చూస్తున్నాడు. ఇంటిల్లిపాదికీ పథ్యాలు చెప్పి పాటించని వాళ్లను ఎండగట్టిన మనిషి తను. ఇంతమంది కుర్ర డాక్టర్ల ముందు దొంగకాఫీ తాగానని ఎలా చెప్పడం? గుమ్మంలో మొగుడి మొహం అప్పటికే పాలిపోయి ఉంది.

"ఏమీ లేదే" అంది.

"విన్నావుగా" అన్నాడు తమ్ముడు. "ఇక చాలు. సిస్టర్, పక్క మంచం ఆవిడకి ఇచ్చేవే ఇక్కడా మొదలుపెట్టండి."

కోడలు వాదించలేదు. మందు ఎక్కించే ముందు రక్తం తీసి పరీక్షకు పంపాలని మాత్రం అంది. అలాగే కానిమ్మన్నాడు ఆయన. "సరే సార్, మీ వార్డు ఊసు ఇంక ఎత్తను" అంది కోడలు. ఆ మాట మామూలుగానే అంది. అని, వంగి, జారిపోయిన దుప్పటి కొసను అత్తగారి పాదాల మీదికి సర్దింది.

నర్సు పళ్లెం తెచ్చింది. పెద్దావిడ ఇన్నాళ్లూ కోరుకున్న సీసా నెత్తిన వేలాడింది. మేష్టారు మెచ్చుకోలుగా తలాడించాడు. దూది తడిపిన వాసన వచ్చింది. చెయ్యి చాపితే అయిపోతుంది. ఎవరి పరువూ పోదు. తమ్ముడి మాట నిలబడుతుంది, మొగుడు బతికిపోతాడు, వీధిలో చెప్పుకోవడానికి ఇంజెక్షన్లూ ఉంటాయి. పోయేదల్లా కోడలి మాట ఒక్కటే. పై అంతస్తు మేస్త్రీ ఎవరో ఆవిడకు తెలియదు. కాని దుప్పటి సర్దిన చెయ్యి ఎదురుగా ఉంది.

"ఒరేయ్ చిన్నోడా, ఆగరా" అంది పెద్దావిడ.

సర్జన్లందరికీ పెద్దను చిన్నోడా అనేసరికి కుర్ర డాక్టర్లు కళ్లు దించుకుని నేలను పరీక్షించసాగారు. ఆవిడ గుమ్మం వైపు తల తిప్పి, ఏమండీ అని ఒక్క పిలుపు పిలిచింది. ఆ ఏమండీలో ఏముందో నలభై ఏళ్ల అనుభవం మీద ఆయనకు బోధపడింది. ఆవిడ ఇంకేమీ అనకముందే ఆయన సంచిని గుండెలకు హత్తుకుని ముందుకొచ్చాడు.

"పంచదార తక్కువే వేశాను డాక్టరుగారూ" అన్నాడు.

తమ్ముడు ఆ సంచి తీసుకుని, అందులోంచి ఫ్లాస్కు తీసి, మూత విప్పాడు. ఆవిరి ఆయన కళ్లద్దాలను కమ్మేసింది.

"నిన్న సాయంత్రం కూడానా?"

"నిన్నటిది ఉత్త నీళ్లురా" అంది పెద్దావిడ. "ఇవాళ్టిదే కాస్త కాఫీలా ఉంది."

కళ్లద్దాలు తుడుచుకుని ఆయన మళ్లీ జ్వరం చూడమన్నాడు. కోడలు వద్దంది, నోరు చల్లబడాలి, కాసేపాగుదామంది. అందరూ ఆగారు. ఏ పనీ లేకుండా అంతమంది డాక్టర్లు ఒక మంచం చుట్టూ నిలబడటం ఆ వార్డులో అదే మొదటిసారి. తర్వాత నర్సు థర్మామీటర్ పెట్టి, పెదాలు గట్టిగా మూసుకోమంది. అక్క నోరు మూతపడిన ఆ కాస్త వ్యవధినీ తమ్ముడు వృథా పోనివ్వలేదు. చిన్నప్పటినుంచీ నీదంతా ఇదే వరస, వద్దన్నదే చేస్తావు, రాత్రంతా కుర్చీలో కూర్చున్నాను, గుండె జారిపోయింది అని ఊపిరి తిప్పుకోకుండా తిట్టాడు. పెద్దావిడ కళ్లు పెద్దవి చేసి, వేళ్లు మడిచి ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకుంది. థర్మామీటర్ బయటికి రాగానే వరుస తప్పకుండా అన్నింటికీ జవాబు చెప్పింది. ఈ గొడవలో జ్వరం లేదని నర్సు రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

తమ్ముడు సీసా దింపమని సైగ చేసి, ఎవరితోనూ ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఓడినవాడు ఓడినట్టు చెప్పడం వాళ్ల పుట్టింటి రక్తంలో లేదు.

మధ్యాహ్నం కోడలు వచ్చి మంచం మీద కూర్చుంది. మావయ్యగారికి నా మీద కోపం లేదత్తయ్యా, భయం అంది కోడలు. ఎప్పుడో ఆయన కోసిన ఒక పేషెంటుకి గాయం చీము పట్టి ప్రాణం పోయిందట. అప్పటినుంచి మందు రాయకపోతే నిద్రపట్టదట. వాడు నాకెప్పుడూ చెప్పలేదే అంది పెద్దావిడ మెల్లిగా. ఆ తర్వాత దుప్పటి మడతలు సరిచేస్తూ అంది.

"నీ ఉద్యోగం వంటింట్లో ఆడవాళ్ల పని లాంటిదేనే. పాలు పొంగిపోతే ఇల్లంతా పరిగెత్తుకొస్తారు. పొంగని రోజున వచ్చి, ఇవాళ పొంగలేదే అని మెచ్చుకున్నవాణ్ని నేనింతవరకు చూళ్లేదు."

కోడలు ఈసారి నవ్వింది. కొంచెం కళ్లు కూడా తుడుచుకుంది గాని, అత్తగారు కిటికీ వైపు చూస్తున్నట్టు నటించింది.

మర్నాడు పెద్దావిడను ఇంటికి పంపేస్తామన్నారు. బట్టలు సర్దుకుని, జడ వేసుకుని, చెప్పులు తొడుక్కుని మంచం అంచున కూర్చుంది. భర్త సంచి భుజాన వేసుకుని తొందర పెడుతున్నాడు. అప్పుడే తమ్ముడు రౌండ్స్‌కి వచ్చాడు. అక్క వంక చూడకుండా పక్క మంచం దగ్గర ఆగి, కుట్టుపని ఆవిడ గాయాలు చూసి, ఆవిడ సీసా తీసేయమన్నాడు. కుర్ర డాక్టర్లు మొహమొహాలు చూసుకున్నారు. రేపట్నుంచి చేసే ఆపరేషన్లకు కూడా కోతకు ముందు ఒక్కటి, తర్వాత కావాలనిపిస్తే ముందు మా అమ్మాయికి ఫోన్ చేసి కారణం చెప్పండి అన్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ కోడలు ఆ మాట విన్నది.

డ్రైవింగ్ మేష్టారు మాత్రం లేచి నిలబడ్డాడు. ఇంతవరకు ఇస్తున్నది ఉన్నట్టుండి ఆపేస్తే ఎలాగండీ, మావల్ల ఏం తప్పు జరిగింది, మావిడంటే లెక్క లేదా అని మొదలుపెట్టాడు. జీవితమంతా మందు రాస్తూ వచ్చిన సర్జన్‌గారికి ఎందుకు రాయడం లేదో చెప్పడం చేతకాలేదు.

"మా అక్క ఉంది కదా" అన్నాడు చివరికి. "ఆవిడ చెబుతుంది." అని గబగబా తర్వాతి మంచం వైపు నడిచిపోయాడు.

పెద్దావిడ చెప్పులు విడిచి, కాళ్లు పైకి పెట్టుకుని, దిండు వీపుకు ఆనించుకుంది.

"కూర్చో బాబూ" అంది. "అసలీ పద్ధతి ఈ వార్డులో మొదలైందే నాతో."

గుమ్మంలో కోడలు కాదనలేదు. భర్త భుజం మీది సంచి దించి గోడవార పెట్టి, తనకూ ఒక స్టూలు వెతుక్కున్నాడు.